ఇసుక మన దగ్గరే ఉంది, ఆక్సైడ్ ఎక్కడ?

అందరికీ నమస్కారం. ఒక చిన్న లెక్కతో మొదలుపెడతాను. ఫోన్లు ఎలాగూ చేతుల్లోనే ఉన్నాయి కాబట్టి కాలిక్యులేటర్ తీసి నాతోపాటు వేయండి.

2025 నవంబర్ 26న కేంద్ర కేబినెట్ ఒక పథకానికి ఆమోదం తెలిపింది. రేర్ ఎర్త్ శాశ్వత అయస్కాంతాలు మన దేశంలోనే తయారు చేయించడానికి 7,280 కోట్ల రూపాయలు కేటాయించింది. లక్ష్యం ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంతాలు. మంచి పథకమే, నేను తప్పుపట్టడం లేదు. కానీ లెక్క చూడండి. ఈ అయస్కాంతం బరువులో దాదాపు 30 శాతం నియోడిమియం, ప్రసియోడిమియం అనే రెండు రేర్ ఎర్త్ లోహాలు ఉంటాయి. మిగతాది ఎక్కువగా ఇనుము, కాస్త బోరాన్. అంటే 6,000 టన్నులకు 1,800 టన్నుల లోహం కావాలి. ఆ లోహాన్ని ఆక్సైడ్ నుంచి తీస్తారు. ఆక్సైడ్‌గా లెక్కేస్తే సుమారు 2,100 టన్నులు. కోతలో, గ్రైండింగ్‌లో పొడిగా పోయేది ఇందులో కలపలేదు.

మరి మన దగ్గర ఎంత వస్తోంది? సముద్రతీర ఇసుకలో దొరికే మోనజైట్ అనే రేర్ ఎర్త్ ఖనిజం నుంచి ఈ ఆక్సైడ్ తీసేది ప్రధానంగా ఐఆర్‌ఈఎల్, కేంద్ర అణుశక్తి విభాగం కింద ఉన్న ప్రభుత్వ సంస్థ. దాని సామర్థ్యం ఏడాదికి 400 నుంచి 500 టన్నులు. 500 అనే పెట్టుకున్నా, కావలసినదాంట్లో నాలుగో వంతు కూడా కాదు.

ఖనిజం లేక ఇలా ఉందా అంటే, కాదు. అణు ఖనిజాల డైరెక్టరేట్ అంచనా ప్రకారం దేశంలో 131.5 లక్షల టన్నుల మోనజైట్ ఉంది. అందులో రాష్ట్రాల వారీగా చూస్తే పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌దే. భీమిలి తీరంలోనో శ్రీకాకుళం తీరంలోనో నడిచినప్పుడు తడి ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి. ఇల్మెనైట్, గార్నెట్, జిర్కాన్‌లాంటి బరువైన ఖనిజాలు అలలకు అలా చేరతాయి. వాటి మధ్యే తేనెరంగు రేణువులుగా కొద్దిపాటి మోనజైట్ ఉంటుంది.

ఇసుక ఉంది. అయస్కాంతాల ఫ్యాక్టరీకి డబ్బు కూడా వస్తోంది. ఈ రెండింటి మధ్యలో రేర్ ఎర్త్ మూలకాలను ఒకదాన్నుంచి ఒకటి వేరు చేసే పని ఒకటుంది. పేపర్లలో దాన్ని ప్రాసెసింగ్ అని ఒక్క మాటలో రాసేస్తారు. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ ఒక్క మాట గురించే.

ముందు, అదెందుకంత కష్టమో చూద్దాం. రేర్ ఎర్త్స్ మొత్తం పదిహేడు మూలకాలు. లాంథనం నుంచి లుటీషియం దాకా పదిహేను, వాటికి స్కాండియం, యిట్రియం తోడు. అరుదైనవి అని పేరేగానీ, భూమి పైపొరలో సీరియం దాదాపు రాగి ఉన్నంత ఉంది. ఇబ్బందల్లా అవి విడిగా దొరకకపోవడమే. ఒకటి ఉన్నచోట మిగతావీ ఉంటాయి, ఎందుకంటే రసాయనికంగా అవన్నీ ఒకేలా ప్రవర్తిస్తాయి. ఒక మూలకం నుంచి పక్క మూలకానికి వెళ్తే పెరిగే ఎలక్ట్రాన్ లోపలి కక్ష్యలో కూర్చుంటుంది. రసాయన చర్యల్లో పాల్గొనే బయటి భాగం దాదాపు మారదు. మారేది సైజు ఒక్కటే, అదీ రవ్వంత. ప్రసియోడిమియం అయాన్ వ్యాసార్ధం 99 పికోమీటర్లు, నియోడిమియంది 98.3. ఒక శాతం కూడా తేడా లేదు. ఆ తేడాను పట్టుకునే వేరు చేయాలి.

ఇది ఎంత సతాయించిందో చరిత్రే చెబుతుంది. 1841లో మొసాండర్ అనే స్వీడన్ శాస్త్రవేత్త డిడీమియం అనే కొత్త మూలకం కనుక్కున్నానన్నాడు. 44 ఏళ్లపాటు ప్రపంచం నమ్మింది. 1885లో ఆస్ట్రియా రసాయనవేత్త ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ దాన్ని రెండుగా విడగొట్టి చూపించాడు. ఆ రెండే మన నియోడిమియం, ప్రసియోడిమియం. అమెరికాలో చార్ల్స్ జేమ్స్ అనే ప్రొఫెసర్ శుద్ధమైన థూలియం కోసం ఒకే లవణాన్ని కరిగించి స్ఫటికాలు కట్టించడం సుమారు 15,000 సార్లు చేశాడు. 1911 నాటి మాట. ఇవాళ పీహెచ్‌డీ గైడ్ ఎవరైనా అలా చేయమంటే స్టూడెంట్లు పోలీసు కంప్లైంట్ ఇస్తారు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలోని ఏమ్స్‌లో స్పెడింగ్ అనే రసాయనవేత్త బృందం అయాన్ ఎక్స్చేంజ్ పద్ధతిని ఈ పనికి తెచ్చింది. శుద్ధత బాగా వచ్చేది, టన్నుల లెక్కన తీయడానికి పనికొచ్చేది కాదు. ఇవాళ ప్రపంచమంతా వాడేది సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, మిగతా కథంతా ఇక్కడే ఉంది.

ఒక పొడవాటి పెట్టె ఊహించుకోండి. దాంట్లో చిన్న గది మిక్సర్, పెద్ద గది సెట్లర్. మిక్సర్‌లోకి రెండు ద్రవాలు వస్తాయి. ఒకటి రేర్ ఎర్త్స్ కరిగి ఉన్న ఆమ్ల ద్రావణం. రెండోది కిరోసిన్, అందులో కలిపిన ఒక ఫాస్ఫరస్ సమ్మేళనం, అంటే డీ2ఈహెచ్‌పీఏ గానీ పీసీ-88ఏ గానీ. కవ్వం తిరుగుతుంది, రెండూ కలిసి తెల్లగా మజ్జిగలా అవుతాయి. కొంచెం చిన్న అయాన్లు, అంటే కొంచెం బరువైన మూలకాలు, కిరోసిన్ వైపు కాస్త ఎక్కువగా వెళ్తాయి. తర్వాత ఆ మిశ్రమం సెట్లర్‌లోకి పొర్లి నింపాదిగా రెండు పొరలుగా విడిపోతుంది. పైన కిరోసిన్, కింద నీరు. దీన్ని ఒక స్టేజీ అంటాం.

"కాస్త ఎక్కువగా" అన్నాను కదా, ఎంత? నియోడిమియం, ప్రసియోడిమియం జంటకు వేర్పాటు గుణకం, అంటే ఒక్క స్టేజీలో రెండింటి నిష్పత్తి ఎన్ని రెట్లు మారుతుందో చెప్పే అంకె, సుమారు 1.5 అనుకోండి. సగం సగం ఉన్న మిశ్రమం పంపితే మొదటి స్టేజీలో కిరోసిన్ పొరలో 60-40 అవుతుంది. దాన్ని మళ్లీ ఇంకో స్టేజీకి పంపితే 69-31. మూడోదానికి 77-23. రెండు చివర్లా 99.5 శాతం శుద్ధత కావాలంటే, ఏ సరుకూ బయటికి తీయకుండా ఊరికే తిప్పుతూ ఉంటేనే కనీసం 26 స్టేజీలు పడతాయి. సరుకు తీయాలంటే దానికి రెండు, మూడు రెట్లు. ఇది ఒక్క జంటకు మాత్రమే. లాంథనం, సీరియం ఒక పక్కకు, నియోడిమియం, ప్రసియోడిమియం ఇంకో పక్కకు, సమేరియం నుంచి బరువైనవి మరో పక్కకు. ఆ తర్వాత ఒక్కో గుంపును మళ్లీ విడగొట్టాలి. అలా పూర్తి ప్లాంటు కడితే వందల పెట్టెలు వరుసగా నిలబడతాయి. కొన్నింటికి దగ్గరి దారులు లేకపోలేదు. సీరియాన్ని ఆక్సీకరణం చేస్తే నాలుగు చార్జీల రూపంలోకి మారి విడిగా వచ్చేస్తుంది, యూరోపియాన్ని జింకుతో రెండు చార్జీలకు తగ్గించి తీయొచ్చు. మిగతావాటికి ఆ అదృష్టం లేదు.

ఇప్పుడు ఈ ప్లాంటును నడపడం. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు మొదటి రోజే సరుకు రాదు. అన్ని పెట్టెల్లోనూ గాఢతలు ఒక క్రమంలోకి వచ్చి కుదురుకోవాలి. దానికి వారాలు పడుతుంది, పెద్ద ప్లాంటుకు నెలలు. ఆ కాలమంతా పెట్టెల్లో ఉన్న రేర్ ఎర్త్స్ కూడా పెట్టుబడే, అది ఎక్కడికీ కదలదు. మధ్యలో కరెంటు పోయి పంపులు ఆగితే, ఆమ్లం మోతాదు కాస్త అటూ ఇటూ అయితే, ఆ క్రమం చెదురుతుంది. మళ్లీ కుదిరేదాకా వచ్చిన సరుకంతా స్పెసిఫికేషన్ తప్పినదే. దాన్ని మళ్లీ మొదటికి తీసుకెళ్లి పోయాల్సిందే.

ఇంకో తంటా క్రడ్. రెండు పొరల మధ్య బురదలాంటి పొర పేరుకుంటుంది. ఫీడ్‌లో, అంటే ప్లాంటులోకి పంపే ద్రావణంలో, సన్నటి సిలికా మిగిలినా, ఇనుము ఎక్కువున్నా వస్తుంది. అది ఒక సెట్లర్‌లో మొదలై పక్క సెట్లర్‌కు పాకుతుంది. పొరలు విడిపోవడం మానేస్తాయి. అనుభవమున్న ఆపరేటర్ సెట్లర్ పక్కన నిలబడి, పొరల మధ్య గీత ఎంత పదునుగా ఉందో చూసి, రాబోయే గొడవను షిఫ్టు ముందే చెప్పేస్తాడు. నియోడిమియం ద్రావణం లేత ఊదా, ప్రసియోడిమియంది ఆకుపచ్చ. ట్యూబ్‌లైటు వెలుతురులో నియోడిమియం రంగు మారి కనిపిస్తుందని కొత్తగా చేరిన ఇంజనీరుకు తెలియదు, పదేళ్లు చేసిన ఆపరేటర్‌కు తెలుసు. ల్యాబ్ రిపోర్టు రావడానికి ముందు చేయాల్సిన నిర్ణయాలు ఈ కంటిచూపు మీదే నడుస్తాయి. డ్రాయింగులు కొనుక్కోవచ్చు, పెట్టెలు వెల్డింగ్ చేయించుకోవచ్చు. ఈ మనుషులు మాత్రం నడుస్తున్న ప్లాంటులోనే తయారవుతారు.

నేను ఇవాళ చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. సెపరేషన్ ప్లాంటు కట్టడం ఒక సమస్య, ధరలు పడిపోయిన ఏళ్లలో దాన్ని ఆపకుండా నడపడం అంతకంటే పెద్ద సమస్య. రెండోదానికి ఎవరు డబ్బు పెడతారన్నది తేలకుండా మొదటిదానికి రిబ్బన్ కట్ చేస్తే ఏమవుతుందో చూపించే ఉదాహరణలు ప్రపంచంలో కావలసినన్ని ఉన్నాయి.

చైనా కథ ముందు చూద్దాం. 1970ల తొలినాళ్లలో చైనా పరిస్థితి ఇవాళ్టి మనలాంటిదే. బయూన్ ఓబో గనిలో కొండంత ఖనిజం. విడగొట్టని సరుకును చవగ్గా అమ్మి, విడగొట్టిన ఆక్సైడ్లను ఎక్కువ ధరకు కొనుక్కునేది. అప్పట్లో ఈ విద్యలో ఫ్రాన్స్ దిట్ట. లా రోషెల్‌లో రోన్ పులాంక్ కంపెనీ ప్లాంటు ప్రపంచానికి పెద్ద సరఫరాదారు. పెకింగ్ యూనివర్సిటీలో షు గ్వాంగ్‌షియాన్ అనే ప్రొఫెసర్‌కు ప్రసియోడిమియం, నియోడిమియం విడగొట్టే పని అప్పగించారు. ఆయన చేసిన గొప్ప పని కొత్త రసాయనం కనుక్కోవడం కాదు. ఎన్ని స్టేజీలు కావాలి, ఎంత ఫీడ్, ఎంత ఆమ్లం అన్నది ముందుగానే లెక్కగట్టే సిద్ధాంతం తయారుచేశాడు. అంతకుముందు ఏ కొత్త ఖనిజానికైనా సెపరేటరీ ఫన్నెళ్ల, అంటే కింద కుళాయి ఉన్న గాజు గరాటుల, వరుస పెట్టుకుని వారాల తరబడి ఊపి చూడాల్సి వచ్చేది. ఆ తర్వాత కాగితం మీద లెక్కేసి నేరుగా ఫ్యాక్టరీకి వెళ్లే వీలు కలిగింది. ఆయన దాన్ని దాచుకోలేదు, తరగతులు పెట్టి ఫ్యాక్టరీల ఇంజనీర్లకు నేర్పాడు. 2008 సంవత్సరానికి చైనా అత్యున్నత సైన్స్ పురస్కారం ఆయనకిచ్చారు. ఇవాళ ప్రపంచ రేర్ ఎర్త్ శుద్ధిలో సుమారు 90 శాతం చైనాది. చవక కూలీ, పర్యావరణం మీద నిర్లక్ష్యం కారణాలని మనం తరచూ వింటాం. అవీ నిజమే. గంజౌ ప్రాంతపు కొండలు, బావోటౌ పక్కనున్న వ్యర్థాల చెరువు దానికి సాక్ష్యం. కానీ నలభై ఏళ్లు ఆగకుండా నడిపిన అనుభవాన్ని ఆ రెండే కారణాల కింద కొట్టిపారేస్తే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

ఆ అనుభవం విలువ చైనాకు తెలుసు. అందుకే 2023 డిసెంబర్‌లో రేర్ ఎర్త్స్ విడగొట్టే టెక్నాలజీ ఎగుమతినే నిషేధించింది. 2025 ఏప్రిల్ 4న సమేరియం, గడోలినియం, టెర్బియం, డిస్ప్రోషియం, లుటీషియం, స్కాండియం, యిట్రియం, ఈ ఏడింటికి ఎగుమతి లైసెన్సు తప్పనిసరి చేసింది. కొన్ని వారాల్లోనే పలు దేశాల కార్ల కంపెనీలకు టెన్షన్ మొదలైంది. మన దేశంలోనూ ఎలక్ట్రిక్ వాహనాల ఉత్పత్తి ప్రణాళికలు తగ్గించుకోవాల్సి వచ్చింది. ఒక ఎలక్ట్రిక్ కారు మోటారులో ఉండే అయస్కాంతం ఒకటి, రెండు కిలోలు. అది లేకపోతే మిగతా కారంతా సిద్ధంగా ఉన్నా షెడ్డులో నిలబడాల్సిందే.

ఇక అమెరికా. కాలిఫోర్నియాలో మౌంటెన్ పాస్ గని. 1960ల్లో కలర్ టీవీల ఎర్ర రంగుకు యూరోపియం ఇక్కడినుంచే వచ్చేది. వ్యర్థ జలాల పైపులైను లీకుల గొడవతో 1998లో అక్కడి సెపరేషన్ ఆగిపోయింది, 2002లో గనీ మూతపడింది. 2010లో జపాన్, చైనా మధ్య పడవ వివాదం రేగింది. జపాన్‌కు రేర్ ఎర్త్స్ రావడం ఆగి ధరలు ఆకాశానికంటాయి. ఆ ఊపులో మోలీకార్ప్ కంపెనీ వందకోట్లకు పైగా డాలర్లు పెట్టి మౌంటెన్ పాస్‌ను మళ్లీ కట్టింది. ప్లాంటు కుదురుకునే లోపే ధరలు కుప్పకూలాయి. 2015లో దివాలా. గని, డబ్బు, చదువుకున్న ఇంజనీర్లు, అన్నీ ఉండి కూడా. ఆ తర్వాత వచ్చిన ఎంపీ మెటీరియల్స్ కొన్నేళ్లపాటు అమెరికా ఖనిజాన్ని విడగొట్టడానికి చైనాకే ఓడల్లో పంపింది.

అదే కాలంలో ఆస్ట్రేలియా కంపెనీ లైనస్ కూడా ఇంచుమించు అలాగే మునిగిపోవాలి. మౌంట్ వెల్డ్‌లో గని, మలేషియాలోని క్వాంటన్‌లో సెపరేషన్ ప్లాంటు. మొదట్లో ప్లాంటు కుదరలేదు, ధరలు పడ్డాయి, స్థానికుల నిరసనలు. మునగకపోవడానికి ముఖ్య కారణం జపాన్. 2011లో జపాన్ ప్రభుత్వ సంస్థ జాగ్మెక్, సోజిట్జ్ కంపెనీ కలిసి 25 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చాయి. ధరలు పడినప్పుడు వాయిదాలు వెనక్కి జరిపాయి, వడ్డీ తగ్గించాయి. సరుకు కొంటూనే ఉన్నాయి. వాళ్లు దాన్ని లాభనష్టాల లెక్కలా చూడలేదు, ఇన్సూరెన్స్ ప్రీమియంలా చూశారు. 2025 మే నెలలో అదే క్వాంటన్ ప్లాంటు డిస్ప్రోషియం ఆక్సైడ్ తీసింది. చైనా బయట బరువైన రేర్ ఎర్త్స్‌ను వాణిజ్య స్థాయిలో విడగొట్టిన మొదటి కంపెనీగా నిలిచింది.

అమెరికాకు ఈ సంగతి 2025 జూలైలో తలకెక్కింది. ఆ దేశ రక్షణ శాఖ ఎంపీ మెటీరియల్స్‌లో 40 కోట్ల డాలర్ల వాటా తీసుకుంది. అంతకంటే ముఖ్యమైనది, కిలో నియోడిమియం-ప్రసియోడిమియానికి 110 డాలర్ల కనీస ధర హామీ ఇచ్చింది. మార్కెట్ ధర దానికంటే తక్కువైతే తేడా ప్రభుత్వం భరిస్తుంది. స్వేచ్ఛా మార్కెట్ గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పే దేశం చివరికి వరికి మద్దతు ధర ఇచ్చినట్టు ఆక్సైడ్‌కు ఇచ్చింది. నాకైతే ఇందులో ఎగతాళి చేయాల్సిందేమీ కనిపించదు. అవసరమైన పనే చేశారు.

మన దేశానికి వద్దాం. ఈ విద్య మనకు కొత్త కాదు. ఐఆర్‌ఈఎల్ 1950లో పుట్టింది, కేరళలోని ఆలువాలో ప్లాంటు 1952లో మొదలైంది. షు గ్వాంగ్‌షియాన్ ఈ పని చేపట్టడానికి ఇరవై ఏళ్ల ముందన్నమాట. మరి ఎందుకు వెనకబడ్డాం? చైనా ధరలకు తట్టుకోలేక 2000ల తొలి దశకంలో మోనజైట్ ప్రాసెసింగ్ ఆపేశాం. ఒడిశాలోని ఛత్రపూర్‌లో కొత్త ప్లాంటు కట్టి మళ్లీ మొదలుపెట్టేసరికి పదేళ్లకు పైగా గడిచిపోయింది. ఆ పదేళ్లలో రిటైరైన ఆపరేటర్ల స్థానంలో నేర్చుకునేవాళ్లు లేరు. అక్కడ తీసిన మిశ్రమ క్లోరైడ్‌లో, అంటే ఇంకా విడగొట్టని రేర్ ఎర్త్స్‌లో, కొంత విశాఖ దగ్గర అచ్యుతాపురంలోని జపాన్ అనుబంధ కంపెనీ ప్లాంటులో విడిపోయి జపాన్‌కు వెళ్లేది. అంటే మన తీరంలోనే పెట్టెలు తిరిగాయి, సరుకు మాత్రం మనకు రాలేదు. అప్పట్లో మన దగ్గర కొనేవాళ్లే లేరు మరి, జపాన్ వాళ్లను అనడానికేం లేదు.

మన మోనజైట్‌కు మూడు చిక్కులున్నాయి. మొదటిది థోరియం. మన మోనజైట్‌లో థోరియం ఆక్సైడ్ 8, 9 శాతం దాకా ఉంటుంది, కాస్త యురేనియమూ ఉంటుంది. అందుకే అది అణుశక్తి చట్టం కిందకు వస్తుంది, ప్రైవేటు కంపెనీ చేతికి ఇవ్వరు. సన్నగా నూరి, గాఢమైన కాస్టిక్ సోడాతో ఉడికిస్తారు. ఫాస్ఫేట్ అంతా ట్రైసోడియం ఫాస్ఫేట్‌గా నీళ్లలోకి పోతుంది, దాన్ని అమ్ముకోవచ్చు. మిగిలిన ముద్దను జాగ్రత్తగా హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగిస్తే రేర్ ఎర్త్స్ ద్రావణంలోకి వస్తాయి, థోరియం ముద్దలో మిగులుతుంది. ద్రావణంలో జారిపోయిన రేడియాన్ని బేరియం సల్ఫేట్‌తో పట్టి దించేయాలి. మలేషియాలోని బుకిట్ మేరాలో ఈ వ్యర్థాల విషయంలో నిర్లక్ష్యం చేస్తే 1990ల్లో ప్లాంటే మూసుకోవాల్సి వచ్చింది, ఇప్పటికీ ఆ పేరు చెబితే అక్కడి జనం ఉలిక్కిపడతారు. రేపు మన దగ్గర విస్తరిస్తామంటే పక్క ఊళ్లవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. దానికి జవాబు కొలతలతో సహా ముందే సిద్ధం చేసుకోవాలి, ధర్నా మొదలయ్యాక కాదు.

రెండో చిక్కు, అక్కర్లేని సరుకు. ఇందాకటి లెక్కను కొనసాగిద్దాం. 2,100 టన్నుల నియోడిమియం-ప్రసియోడిమియం ఆక్సైడ్ కావాలంటే మొత్తం రేర్ ఎర్త్ ఆక్సైడ్లు తొమ్మిది, పది వేల టన్నులు తీయాలి. అందులో మూడింట రెండొంతులు సీరియం, లాంథనం. అంటే ఆరు వేల టన్నులకు పైగా ఎవరూ పెద్ద ధర పెట్టి కొనని ఆక్సైడ్లు. విడగొట్టే ఖర్చు మాత్రం వాటికీ అవుతుంది. లాంథనం పెట్రోలియం రిఫైనరీల క్యాటలిస్టుల్లో పడుతుంది, సీరియం గాజు పాలిషింగ్‌లో, వాహనాల క్యాటలిటిక్ కన్వర్టర్లలో పడుతుంది. రిఫైనరీలు మనకేం తక్కువ లేవు. ఆ క్యాటలిస్టు ఇక్కడే తయారు చేయించగలిగితే నియోడిమియం దానంతట అదే కొంత చవకవుతుంది. అయస్కాంతాల గురించి జరిగే మీటింగుల్లో రిఫైనరీల వాళ్లను పిలవరు. పిలవాలని నా అభిప్రాయం.

మూడోది డిస్ప్రోషియం, టెర్బియం. మోటారు వేడెక్కినా అయస్కాంతం శక్తి కోల్పోకుండా కాపాడేవి ఇవే. మన మోనజైట్‌లో ఇవి నామమాత్రం. ఎంత ఇసుక తవ్వినా ఇది తీరదు. ప్రపంచంలో ఇవి ఎక్కువగా దక్షిణ చైనా, మయన్మార్‌లోని కచిన్ ప్రాంతపు బంకమట్టి నుంచి వస్తున్నాయి. అయితే ఇక్కడే ఒక విషయం గమనించాలి. లా రోషెల్ ప్లాంటు దశాబ్దాలపాటు నడిచింది, ఫ్రాన్స్‌లో రేర్ ఎర్త్ గని లేదు. ఎస్టోనియాలోని సిలామే ప్లాంటు ఇప్పటికీ నడుస్తోంది, అక్కడా గని లేదు. విడగొట్టే నేర్పు ఉంటే బ్రెజిల్ నుంచో ఆస్ట్రేలియా నుంచో సరుకు మన పోర్టుకే వస్తుంది. చైనా బయట ఖనిజం తవ్వుతున్న చిన్న కంపెనీలు ఎవరికి అమ్మాలా అని చూస్తున్నాయి. దేశీయ సరఫరా అంటే మన ఇసుక మాత్రమే అనుకోవడం వల్ల ఈ అవకాశం కళ్లముందు నుంచి పోతోంది.

ఇక కావలసిన రసాయనాల సంగతి. డీ2ఈహెచ్‌పీఏ, టీబీపీ లాంటి సాల్వెంట్లను అణు ఇంధనం అవసరాల కోసం మన హెవీ వాటర్ బోర్డు చాలాకాలంగా తయారు చేస్తోంది. ఇది మన బలం, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఆమ్లం, క్షారం మాత్రం టన్ను ఆక్సైడ్‌కు కొన్ని టన్నుల చొప్పున పడతాయి. అవన్నీ చివరికి ఉప్పునీళ్లుగా బయటికొస్తాయి. ఈ ఆమ్లం, క్షారం దొరికే క్లోర్-ఆల్కలీ ఫ్యాక్టరీ పక్కన, సముద్రం దగ్గర ప్లాంటు పెట్టమని నేను చెప్పేది అందుకే.

అయస్కాంతాల పథకంలో అమ్మకాలను బట్టి ప్రోత్సాహకం ఇస్తున్నారు. సెపరేషన్‌కు అది సరిపోదు. నన్నడిగితే మూడు పనులు చేయాలి. ఆక్సైడ్‌కు కనీస ధర, పదేళ్ల కొనుగోలు ఒప్పందం. రక్షణ, రైల్వే, గాలిమరల కంపెనీలు కొంత నిల్వ పెట్టుకోవాలన్న నియమం. మూడోది ఐఆర్‌ఈఎల్ గేటు దగ్గర మిశ్రమ క్లోరైడ్‌ను, అంటే థోరియం తీసేసిన సరుకును, ప్రైవేటు సెపరేషన్ కంపెనీలకు పారదర్శకంగా అమ్మడం. అణు పదార్థం ప్రభుత్వం చేతిలోనే ఉంటుంది, పెట్టెల వరుస ఎవరైనా నడపొచ్చు. ఖర్చు అవుతుంది, చైనా ధర కంటే ఎక్కువే పడుతుంది. కారు ధరలో చూస్తే అది కనిపించనంత చిన్న మొత్తం. ఆ తేడా కట్టడానికి సిద్ధంగా లేనివాళ్లు స్వావలంబన మీద ఉపన్యాసాలు ఇవ్వడం మానుకోవాలి.

ఇక ప్రశ్నలు అడగండి.

(సభలోంచి ప్రశ్న: పాత ఫోన్లు, హార్డ్ డిస్కుల నుంచి రీసైక్లింగ్ చేస్తే ఈ గొడవంతా తప్పుతుంది కదా సార్?)

కొంత తప్పుతుంది. పాత అయస్కాంతంలో థోరియం లేదు, సీరియం దాదాపు లేదు, డిస్ప్రోషియం ఉంది. మూడు, నాలుగు మూలకాలే కాబట్టి స్టేజీలూ తగ్గుతాయి. ఆ రకంగా ప్రకృతి ఇచ్చిన మోనజైట్ కంటే మంచి ఖనిజమే. అయితే ఫోన్లోని అయస్కాంతం గ్రాముల్లో ఉంటుంది, దాన్ని ఊడదీసే కూలీ ఎక్కువ. ఎలక్ట్రిక్ కార్లు పెద్ద సంఖ్యలో స్క్రాపుకు రావడానికి ఇంకా పదేళ్లు పడుతుంది. ముందుగా దొరికేది అయస్కాంతాల ఫ్యాక్టరీలోని గ్రైండింగ్ పొడి. ఫ్యాక్టరీ మొదలైన రోజు నుంచే వస్తుంది, అదీ తక్కువేమీ కాదు. దాన్ని ఆరంభం నుంచే సెపరేషన్ ప్లాంటుకు పంపే ఏర్పాటు ఉండాలి. గమనించారా, రీసైక్లింగ్ చేసినా చివరికి అవే పెట్టెలు కావాలి.

(ప్రశ్న: సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్ పాత పద్ధతి కదా? కొత్త టెక్నాలజీలు వస్తున్నాయంటున్నారు.)

వస్తున్నాయి. క్రోమటోగ్రఫీ మీద, లోహ అయాన్లను పట్టుకునే కొత్త లిగాండ్ల మీద, ప్రోటీన్లతో పట్టే పద్ధతుల మీద మంచి పని జరుగుతోంది. బరువైన రేర్ ఎర్త్స్ తక్కువ మోతాదులో తీయడానికి క్రోమటోగ్రఫీ నాకు ఆశ కలిగిస్తోంది. పరిశోధనకు డబ్బివ్వండి. కానీ ఏడాదికి వేల టన్నులు తీయాలంటే ఇవాళ రుజువైన దారి ఇదొక్కటే. కొత్తది వచ్చేదాకా ఆగుదాం అంటే, వచ్చినప్పుడు దాన్ని నడిపే మనుషులు కూడా ఉండరు.

(ప్రశ్న: నేను కెమికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఈ రంగంలోకి రావాలంటే ఏం చేయాలి?)

మీ సిలబస్‌లో లిక్విడ్-లిక్విడ్ ఎక్స్‌ట్రాక్షన్ ఉంటుంది, పరీక్షకు మెకేబ్-థీల్ బొమ్మ గీసి వదిలేస్తారు. వదిలేయకండి. నియోడిమియం, ప్రసియోడిమియం క్లోరైడ్లు, డీ2ఈహెచ్‌పీఏ, కిరోసిన్, ఇవన్నీ ల్యాబ్ సరఫరాదారుల దగ్గర దొరుకుతాయి, కాస్త ఖరీదే. ఒక స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంటే చాలు, ఈ రెండింటి శోషణ రేఖలు విడివిడిగా కనిపిస్తాయి. మీ హెచ్‌ఓడీ గారితో మాట్లాడి ఒక డజను సెపరేటరీ ఫన్నెళ్లు కొనిపించుకోండి. ఫ్యూమ్ హుడ్‌లో పెట్టి చేయండి, గ్లౌజులు మర్చిపోకండి.